డైనింగ్ టేబుల్ తీసేస్తే ఆ చోటు దేనికి? ఆఫీసుకా, సామాన్లకా, చదువుకా?

మా ఇంట్లో ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ తీసేసి నాలుగు నెలలైంది. వచ్చినవాళ్లు ముందు "టేబుల్ ఏదండీ?" అంటారు. కాసేపాగి గొంతు తగ్గించి, "మా ఇంట్లోనూ దాని మీద ఎవరూ తినరు. తీసేస్తే అక్కడ ఏం పెట్టుకుంటే మేలు?" అని అడుగుతారు. ఇప్పటికి ఏడెనిమిది మందికి ఫోనులో చెప్పాను. ఇక ఓపిక లేక రాస్తున్నాను.

టేబుల్ మీద ఎందుకు తినడం లేదన్న చర్చ వద్దు. కంచాలు టీవీ ముందుకు వెళ్లిపోయి చాలా కాలమైంది. తీసేసే రోజున మా టేబుల్ మీద ఉన్నవి ఇవి: ఇస్త్రీకి వెళ్లాల్సిన బట్టలు, అత్తయ్యగారి బీపీ మిషను, మూడు రోజుల పేపర్లు, విప్పని కొరియర్ పెట్టె, ఉప్పు సీసా. భోజనానికి సంబంధించింది ఆ ఉప్పు సీసా ఒక్కటే.

టేబుల్ పోగానే పెద్ద గది దొరికినట్టే అనిపిస్తుంది. తొందరపడకండి. అపార్ట్‌మెంట్లలో డైనింగ్ అంటే చాలావరకు నాలుగు దారుల కూడలి. హాల్లోంచి వంటగదికి, పడకగదుల్లోంచి వాష్‌బేసిన్‌కు, అందరూ ఫ్రిజ్ దగ్గరకు అక్కడి నుంచే పోవాలి. మాది పది అడుగులకు తొమ్మిది అడుగుల చోటు. సుద్దముక్క తీసుకుని, ఎవరు ఎటు నడుస్తున్నారో వారం రోజులు నేల మీద గీతలు గీశాను. మావారు నవ్వారు. అత్తయ్యగారు మాత్రం గోడ పట్టుకుని బేసిన్ దాకా వెళ్లే దారిని తానే దగ్గరుండి గీయించారు. మూడడుగుల దారి వదిలేసి చూస్తే, కదిలించకుండా సామాను పెట్టుకోగలిగింది ఒక గోడ పక్కన రెండడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. అంతే! ఇంటి ప్లానులో రాసిన తొంభై చదరపు అడుగుల్లో మనకు చెందేది పద్నాలుగు.

అందుకే నా లెక్కలో కొలతల కన్నా, వెలుతురు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. పక్కనుంచి రోజంతా మనుషులు నడుస్తుంటే ఆ పని చెడుతుందా, బాగుపడుతుందా?

ఆఫీసు బల్ల సంగతి మావారి కోరిక కాబట్టి ముందు అదే. 2020 లాక్‌డౌన్‌లో సగం దేశం డైనింగ్ టేబుల్ మీదే ఉద్యోగం చేసింది కదా, ఆ అలవాటు ఇంకా పోలేదు. కానీ అప్పుడు అందరి ఇళ్లలోనూ కుక్కర్ కూతే వినిపించేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అవతలివాళ్లు ఆఫీసుల్లో కూర్చుని ఉంటారు. వీడియోలో మనం లెక్కలు చెబుతుంటే వెనక ఒకరు భుజాన తువ్వాలుతో స్నానానికి పోతారు, ఇంకొకరు ఫ్రిజ్ తలుపు తీసి ఏమీ తీసుకోకుండా నిలబడతారు. మిక్సీ వేయాలంటే నేను అనుమతి అడగాలి. ఎత్తు కూడా కుదరదు. డైనింగ్ టేబుల్ సాధారణంగా ముప్పై అంగుళాలు ఉంటుంది. నాలాంటి ఐదడుగుల మనిషి దాని మీద టైపు చేస్తే భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఇంట్లో పగలంతా ఒక్కరే ఉండేవారికి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. నలుగురున్న ఇంటికి వద్దు. మావారి బల్ల ఇప్పుడు పడకగదిలో కిటికీ దగ్గర ఉంది. తలుపు వేసుకోవచ్చు, అదే పెద్ద సుఖం.

నా కోరిక సామాన్ల అలమర. నిజం చెప్పాలంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. డైనింగుకు చాలా ఇళ్లలో కిటికీ ఉండదు, పగలు కూడా లైటు వేయాలి. చదువుకు అది లోపమే కానీ ఊరగాయ జాడీలకు, నూనె డబ్బాలకు నీడ పట్టున ఉండడమే మేలు. వంటగది రెండడుగుల దూరం. గోడంతా అలమర కట్టించుకుంటే వంటింటి గట్టు ఖాళీ అవుతుంది.

కట్టించేవారు రెండు మూడు విషయాలు చూసుకోండి. బేసిన్ పక్కన చెమ్మ తగులుతుంది కాబట్టి అక్కడ 710 రకం ప్లైవుడ్ వాడమని వడ్రంగికి చెప్పండి. మామూలు రకం అంచులు ఉబ్బుతాయి. పప్పుల డబ్బాలు మోసే అర మూడడుగులకు మించి పొడవుంటే కొన్నాళ్లకు మధ్యలో కుంగుతుంది, నిలువు చెక్క వేయించండి. బియ్యం బస్తా అరలో పెట్టకండి, కింద చక్రాల పీట మీద ఉంచండి. 25 కిలోల బస్తా ఇప్పుడు 26 కిలోలైంది కూడా. 2022 జూలైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక మిల్లులు ఒక కిలో కలిపి దాటించేశాయి. ఆ కిలో బరువు మోసేది మన నడుమే.

మరి ఎందుకు ఒప్పుకోలేదంటే, మళ్లీ దారే కారణం. అడుగున్నర తలుపు తెరిస్తే దారికి అడ్డం. జరిపే తలుపులు పెడితే ఎప్పుడూ సగం అలమరే కనిపిస్తుంది. తలుపులే లేకుండా వదిలేస్తే పోయేవారు పోతూ పోతూ చేతిలో ఉన్నది అక్కడ పెట్టి పోతారు. హెల్మెట్, తాళాలు, సగం తాగిన నీళ్ల సీసా. టేబుల్‌కు పట్టిన జబ్బే అలమరకూ పడుతుంది.

చివరికి గెలిచింది ఐదో తరగతి చదివే మా అమ్మాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బల్ల, పైన రెండు అరలు. వెలుతురు తక్కువ అన్నాను కదా, బల్లకు సరిగ్గా పైన గోడకు ఒక ఎల్‌ఈడీ ట్యూబు పెట్టించాం. నడిగదిలో ఉన్న లైటుతో సరిపెట్టుకుంటే తల నీడ పుస్తకం మీదే పడుతుంది. టీవీ కనిపించకుండా వీపు హాలు వైపు పెట్టాం. పిల్లకు బల్ల ఎత్తు ఎక్కువైంది, కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. అటక మీద పడి ఉన్న భోజనాల పీట ఇప్పుడు ఆ కాళ్ల కింద ఉంది.

నడిచేవాళ్ల వల్ల చదువు చెడుతుందని నేనూ భయపడ్డాను. వేరే గదిలో తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు ఏం చదివేదో దేవుడికే తెలియాలి. ఇక్కడ లెక్కలు పైకి చదువుతుంటే పోపు వేస్తూనే తప్పు పట్టుకుంటున్నాను. మొన్న సాయంత్రం తెలుగు హోంవర్కులో "విద్యార్ధి" అని రాసింది. అత్తయ్యగారు చేతులు కడుక్కోవడానికి పోతూ ఆగారు. కళ్లద్దాలు లేవు. అయినా తడి వేలు ఆ అక్షరం మీద పెట్టి, "దీని పొట్టలో చుక్క ఏదే అమ్మలూ?" అన్నారు. పిల్ల చుక్క పెట్టింది. నోటుపుస్తకం మీద నీటి మరక అలాగే ఉండిపోయింది. ఆవిడ బేసిన్‌కు రోజుకు ఆరేడుసార్లు వెళ్తారు, అన్నిసార్లూ ఆగుతారు. అమ్మాయి విసుక్కుంటుంది కానీ లేచి పోదు.

పెద్ద పిల్లలకు, ముఖ్యంగా ఇంటర్మీడియట్‌కు వచ్చినవారికి ఇది పనికిరాదు. వారికి తలుపున్న గదే ఇవ్వాలి.

మిగతావి క్లుప్తంగా. పూజ గది చేద్దామంటే చాలా ఇళ్లలో ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంటుంది, ఈశాన్యం కలిసిరావడమూ అరుదు. పెద్దవారికి దివాన్ వేస్తామనేవారు ఒక్క రాత్రి తామే పడుకుని చూడాలి, ఫ్రిజ్ మోత, దాహం వేసినవారందరి లైటు భరించాలి. కుట్టు మిషనుకు బాగుంటుంది, ఇంట్లో కుట్టేవారుంటే. మొక్కలు ఎండ లేక బతకవు. ఇద్దరే ఉండే ఇంట్లో గోడకు మడిచే బల్ల చాలు.

చుట్టాలొస్తే ఎక్కడ తింటారని అందరూ అడిగే చివరి ప్రశ్న. సంక్రాంతికి పదకొండు మంది వచ్చారు. హాల్లో టీపాయ్ పక్కకు జరిపి చాపలు పరిచి విస్తళ్లు వేశాం. మోకాళ్ల నొప్పులున్న ముగ్గురికి మాత్రం పిల్ల చదువుకునే బల్ల జరిపి దాని మీదే వడ్డించాం. గారె నూనె మరక ఒకటి పడింది. సర్ఫుతో తుడిచినా ఇంకా పోలేదు.