6 మి.గ్రా. స్టిక్కర్ కింద గ్రాముకి 50! నికోటిన్ పౌచ్‌లు కొనేవాళ్లు జాగ్రత్త

ఇన్‌స్టాలో నికోటిన్ పౌచ్‌లు, అంటే పెదవి కింద పెట్టుకునే చిన్న నికోటిన్ సంచులు, అమ్మే ఒక "బ్రో" గురించి ఇది. సిగరెట్ మానేద్దామని ఫోన్‌లో వెతికినవాళ్లందరికీ వాడి రీల్స్ తగిలే ఉంటాయి. పేరు రాయను, ఎలాగూ వారానికో పేరు మారుస్తాడు.

నాది పన్నెండేళ్ల అలవాటు, రోజుకి పది. ఈసారి మా ఆవిడ గొడవ కూడా పెట్టుకోలేదు, మాట్లాడటమే మానేసింది. నికోటిన్ గమ్ నాలుగు రోజులు నమిలి, రుచి బాలేదని పారేశాను. సరిగ్గా అప్పుడు దొరికాడు వీడు. "పొగ లేదు, తారు లేదు, పెదవి కింద పెట్టుకుంటే చాలు బ్రో. అమెరికాలో ఎఫ్‌డీఏ వాళ్లే ఓకే అన్నారు."

ఇందులో పూర్తి అబద్ధం కూడా లేదు, అదే నా ఖర్మ. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో ఆహారం, మందులు, పొగాకు సరుకుల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ, జిన్ అనే బ్రాండువి 20 రకాలు అమ్ముకోవడానికి అనుమతి ఇచ్చింది. అన్నీ 3, 6 మిల్లీగ్రాములవే. క్షేమం అని మాత్రం వాళ్లు అనలేదు. సిగరెట్‌లో మనిషిని తినేది ముఖ్యంగా కాలిన పొగ కాబట్టి దానికంటే నయమే, కానీ నికోటిన్ బానిసత్వం ఎక్కడికీ పోదు. ఇదంతా చదివాను, చదువుకున్నవాణ్ణి కదా! చదివి కూడా, ఆ జిన్‌వే రెండు డబ్బాలకి 1,800 ముందే యూపీఐ కొట్టాను. వచ్చింది వేరే కంపెనీది. "అది స్టాక్ లేదు బ్రో, ఇదీ స్వీడన్‌దే, సేమ్" అంటే నోరు మూసుకుని తీసుకున్నాను. బిల్లు లేదు, దిగుమతి చేసినవాడి పేరు లేదు. మూత మీద నీటుగా "6 మి.గ్రా." అని స్టిక్కర్ ఒకటి.

నిన్న ఆదివారం. టిఫినయ్యాక కాఫీ, కాఫీ తర్వాత సిగరెట్, అన్నిటికంటే కష్టమైనది అదే. దాని బదులు ఒక పౌచ్ పెట్టుకున్నాను. ముందు చిగురు మండింది. ఎక్కిళ్లు మొదలయ్యాయి. ఐదు నిమిషాల్లో చల్లటి చెమట, గుండె దడదడ, బాత్‌రూమ్ గోడ పట్టుకుంటే గోడే తిరుగుతోంది. తిన్న ఇడ్లీలన్నీ బయటికి. మూడు వారాల తర్వాత మా ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట "ఏం తిన్నారండీ?"

గంటన్నర పడుకుని లేచాక డబ్బా చేతిలోకి తీసుకున్నాను. స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో గీకితే ఊడొచ్చింది. కింద అచ్చు వేసి ఉంది: గ్రాముకి 50 మిల్లీగ్రాములు. వెనకాల బరువు 10 గ్రాములు, పౌచ్‌లు 20. అంటే ఒక్కోటి అర గ్రాము, ఒక్కోదాంట్లో 25 మిల్లీగ్రాములు! ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి వెళ్లేది ఒకటో రెండో మిల్లీగ్రాములు. పౌచ్‌లో ఉన్నదంతా ఒంటికి పట్టదు, నిజమే. పట్టినంతకే నా పని అయిపోయింది.

ఫొటో తీసి పంపి, ఈ స్టిక్కర్ ఎవరు అంటించారని అడిగాను. ఏమన్నాడో తెలుసా?

"కస్టమర్లు కన్‌ఫ్యూజ్ అవకూడదని మేమే వేస్తాం బ్రో."

ఎంత సేవాభావం! డబ్బులు వెనక్కి ఇవ్వమంటే "ఓపెన్ చేసిన డబ్బాకి రిటర్న్ లేదు." రెండోది సీల్ కూడా తీయలేదు కదరా అంటే "రోజుకి పది సిగరెట్లు కాల్చే మగాడివి, ఇంత చిన్న సంచికే పడిపోయావా", పక్కన మూడు నవ్వు బొమ్మలు. తర్వాత బ్లాక్. పోయిన డబ్బుల గురించి కాదు, ఆ నవ్వు బొమ్మలు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఆ రోజుకి పది అనే ముక్క వాడికి చెప్పింది నేనే, సలహా ఇస్తాడని!

కొనేవాళ్లు ఉంటే, పౌచ్‌కి ఎన్ని మిల్లీగ్రాములు, గ్రాముకి ఎన్ని అన్నది రెండూ చూసుకోండి, స్టిక్కర్ ఉంటే పీకండి. ఇంట్లో పిల్లలుంటే ఆ డబ్బా అసలు అందే చోట పెట్టొద్దు. 2 మిల్లీగ్రాముల గమ్ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, 4ది కావాలంటే డాక్టర్ చీటీ కావాలి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356, ప్రభుత్వానిదే, ఉచితం. నేను ఈ పొద్దున మళ్లీ గమ్ కొన్నాను. రుచి అలాగే ఉంది.

ఊడిన స్టిక్కర్, డబ్బా రెండూ దాచాను. ఫొటో కావాలన్నవాళ్లు అడగండి, పెడతాను.