నానోట్యూబ్ సిలికోన్ షీటు: మైక్రోవేవ్‌ను పట్టేది మందమే

కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) కలిపిన ఈ సిలికోన్ షీటు మైక్రోవేవ్ తరంగాలను పీల్చుకుంటుంది. వంపుల మీద అతికించడానికి ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్ సెరామిక్) పలకల కంటే ఇదే మేలు, తేలిక కూడా. కానీ కొనేముందు మందం కొలవండి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 30 మి.మీ.; షీటు లోపల అది కుంచించుకుపోతుంది, ఎంతన్నది పర్మిటివిటీ అనే పదార్థ గుణాన్ని బట్టి ఉంటుంది. షీటు మందం లోపలి తరంగదైర్ఘ్యంలో పావు వంతు ఉంటే శోషణ బాగా జరుగుతుంది; పర్మిటివిటీ 14 అయితే అందుకు 2 మి.మీ. సరిపోతుంది. అదే మందం 2.2 మి.మీ. అయితే శోషణ శిఖరం (ఎక్కువగా పీల్చుకునే ఫ్రీక్వెన్సీ) 9.1 గిగాహెర్ట్జ్‌కి జారిపోతుంది. ఈ లెక్కంతా వెనక లోహపు రేకు ఉంటేనే.

నానోట్యూబులు ఎంత ఎక్కువుంటే అంత మంచిదని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. పాళ్లు మించితే షీటు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది, తరంగం పైనుంచే వెనక్కి తిరుగుతుంది. కోసిన అంచును భూతద్దంతో చూడండి; నల్లటి ఉండలు కనిపిస్తే కలపడం సరిగా జరగలేదన్నట్టే.

మామూలు జిగురు సిలికోన్‌కు పట్టదు, సిలికోన్ జిగురే వాడాలి. కింద గాలి బుడగ మిగిలితే శిఖరం మళ్లీ కదులుతుంది. కోసేటప్పుడు మాస్క్ తప్పనిసరి.