టీసీఎం మార్చి రెండేళ్లు దాటింది: మా ట్రైలర్ అనుభవం

మా ట్రైలర్‌కి గేర్‌బాక్స్ కంట్రోల్ మాడ్యూల్, అంటే గేర్లు మార్పించే చిన్న కంప్యూటర్, అందరూ టీసీఎం అనే డబ్బా, కొత్తది వేయించి ఈ నెలకి రెండేళ్ల నాలుగు నెలలు. బండి అప్పటి నుంచి దాదాపు 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. గేరు పడక రోడ్డు మీద ఆగింది ఒక్కసారి కూడా లేదు. అయితే దీనికి ముందు పాత డబ్బాని ఒకసారి బాగు చేయించి బిగిస్తే 71 రోజులకే పోయింది. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో చెప్పాలనే రాస్తున్నాను. బండి షెడ్డులో ఉంటే కిరాయి ఉండదు, కిస్తీ మాత్రం తేదీకి వచ్చేస్తుంది. ఆ టెన్షన్ పడ్డవాళ్లకి ఇది పనికొస్తుంది.

మాది సాలూరు. బండి పది చక్రాల ట్రాక్టరు, వెనక మూడు యాక్సిళ్ల ట్రైలర్, మొత్తం 55 టన్నులు. 12 గేర్ల ఏఎంటీ, అంటే గేర్లు వాటంతటవే మారే రకం, క్లచ్ పెడల్ లేదు. విశాఖపట్నంలో ఎరువు ఎత్తుకుని రాయ్‌పూర్, అక్కడి నుంచి ఇనుము వేసుకుని వెనక్కి. నేషనల్ హైవేల నంబర్లు మారి చాలా ఏళ్లయినా మా లారీ వాళ్లకి ఆ దారి ఇప్పటికీ 43 నంబరు రోడ్డే. సాలూరు 118 మీటర్ల ఎత్తులో ఉంటే కొరాపుట్ 870 మీటర్ల ఎత్తులో ఉంది. సుంకి, పొట్టంగి ఘాట్ మలుపుల్లో నిండు లోడుతో ఎక్కుతుంటే గేర్లు దిగుతూ ఎక్కుతూనే ఉంటాయి. అటు జగదల్‌పూర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ ఇంకొకటి. గేర్‌బాక్సులో చిన్న లోపం ఉన్నా ఈ రోడ్డు మీద బయటపడిపోతుంది.

లోపం మొదటిసారి వానాకాలంలో వచ్చింది. బండి నడిపేది మా బాబాయి. పొద్దున్నే ఫోన్ చేశాడు. "గేరు నంబరు రావట్లేదురా, గీత చూపిస్తోంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేద్దామంటే సెల్ఫ్ తీసుకోవట్లేదు." మోటారు సైకిల్ మీద ఘాట్‌లోకి వెళ్లేసరికి క్లీనర్ కుర్రాడు వెనక చక్రాలన్నిటికీ రాళ్లు పెట్టి, ఇంకో రాయి చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మలుపులో 55 టన్నులు బ్రేకు మీదే ఆగి ఉన్నాయి. నాకు కాళ్లు వణికాయి. ఏఎంటీ బండిలో గేర్‌బాక్సు న్యూట్రల్‌లో ఉందని టీసీఎం నిర్ధారించుకుంటేనే సెల్ఫ్ తిరుగుతుంది. ఆ డబ్బా పలకకపోతే ఇంజిన్ ఎంత బాగున్నా స్టార్ట్ కాదు. అరగంట చల్లారాక దానంతటదే పనిచేసింది. వేడెక్కితే పోవడం, చల్లారితే రావడం, రెండు నెలలు ఇదే వరస.

ఒక గ్యారేజీలో స్పీడ్ సెన్సార్ మార్చారు. ఇంకో చోట క్లచ్ యాక్చువేటర్ అన్నారు. ఈ రెండింటి ఖర్చు పూర్తిగా వృథా. స్కానర్‌లో కోడ్ మాత్రం ప్రతిసారీ ఒకటే చెప్పింది: గేర్‌బాక్స్ మాడ్యూల్‌తో మాట కలవట్లేదని. ఆ కోడ్‌కి అర్థం డబ్బా పోయిందని కాదు. డబ్బా పోయి ఉండొచ్చు, దానికి కరెంటు అందకపోవచ్చు, మధ్యలో వైరు తెగి ఉండొచ్చు. అప్పుడు మాకు ఆ తేడా ఎవరూ చెప్పలేదు. డబ్బా విప్పి బాగు చేసే చోటికి పంపాం. లోపల బోర్డు మీద తడి మరకలు ఉన్నాయన్నారు, టంకాలు మళ్లీ వేశారు. 26,000 అయింది. సొంత డబ్బానే కాబట్టి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, బిగించగానే బండి కదిలింది. ఆ రోజు చాలా సంతోషపడ్డాం. 71వ రోజున మళ్లీ ఘాట్‌లోనే ఆగింది. ఈసారి చల్లారినా రాలేదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పి లాగించుకొచ్చాం. షాఫ్ట్ విప్పకుండా ఏఎంటీ బండిని లాగిస్తే గేర్‌బాక్సు లోపల ఆయిల్ తిరగక పాడవుతుంది, అది గుర్తుంచుకోండి.

కొత్త డబ్బాకి డబ్బు కట్టే ముందు గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆటో ఎలక్ట్రీషియన్. "కొత్తది పెట్టడానికి గంట చాలు బాబూ. పాతది ఎందుకు పోయిందో ముందు చూద్దాం" అన్నారు. మా బండిలో టీసీఎం గేర్‌బాక్సు పక్కనే బోల్టులతో బిగించి ఉంటుంది. ఆయన కింద పడుకుని దాని కనెక్టర్ ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. రబ్బరు సీలు ఒక మూల చిట్లి ఉంది. రెండు పిన్నుల మీద పచ్చటి చిలుము. కనెక్టర్ వంచితే ఒక చుక్క నీళ్లు నా వేళ్ల మీద పడ్డాయి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ గేర్‌బాక్సు మీద తిన్నగా కొట్టించడం మాకు అలవాటు. నీళ్లు వెళ్లింది ఆ దారినే.

తర్వాత మల్టీమీటర్ తీశారు. బ్యాటరీ మెయిన్ తీసేసి, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు క్యాన్ వైర్ల మధ్య ఓమ్స్ చూశారు. ఆ లైనుకి రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, రెండూ కలిసి 60 చూపించాలి. మాకు 60 వచ్చింది. కానీ చాసిస్ మీద వైరింగ్ మలుపు తిరిగే చోట చేత్తో కదిపితే 120కి ఎగిరి మళ్లీ 60కి వచ్చింది. అంటే వైరు లోపల విరిగి, తగులుతూ ఊడుతూ ఉంది. ఆఖరికి బ్యాటరీ మైనస్‌కీ డబ్బా ఎర్త్ పిన్నుకీ మధ్య, కరెంటు నడుస్తుండగా వోల్టేజ్ చూశారు. దాదాపు సున్నా ఉండాలి, 1.1 వోల్టు ఉంది. చాసిస్ మీద ఎర్త్ బోల్టు కింద తుప్పు, దాని మీద పెయింటు. గీకి, కొత్త లగ్గు వేశాక 0.05కి దిగింది. అప్పటిదాకా ఏ గ్యారేజీలోనూ మీటరు ముట్టుకోలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇంకో అనుమానం కూడా ఉంది. డబ్బా చచ్చిపోవడానికి వారం ముందు దారిలో ట్రాక్టరు చాసిస్ బ్రాకెట్‌కి వెల్డింగ్ పెట్టించాం. బ్యాటరీ తీయలేదు, కనెక్టర్లు ఊడదీయలేదు. వెల్డింగ్ కరెంటు మాడ్యూళ్లని చంపుతుందని అందరికీ తెలుసు, తొందరలో మర్చిపోతాం. అదే కారణమని తేల్చి చెప్పలేను. అప్పటి నుంచి మాత్రం వెల్డింగ్ అంటే మైనస్ తీసి, టీసీఎం, ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్, రెండింటి కనెక్టర్లూ ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్‌ని పని జరిగే చోటికి దగ్గరగా పెట్టిస్తున్నాం.

కొత్త డబ్బా ప్రోగ్రామింగ్‌తో కలిపి 1,62,000 అయింది. ఎలక్ట్రికల్ సామాను అమ్మాక వెనక్కి తీసుకోబోమని షాపువాళ్లు ముందే చెప్పారు. కొత్తది ఖాళీగా వస్తుంది, చాసిస్ నంబరు ప్రకారం మీ బండి సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఆ సమయంలో వోల్టేజ్ పడిపోతే డబ్బా అక్కడికక్కడే చెడిపోవచ్చు కాబట్టి బ్యాటరీలకి ఛార్జర్ తగిలించి చేశారు. తర్వాత సమతలం మీద బండి పెట్టి, గాలి నిండా ఎక్కించి, చక్రాలకి అడ్డు పెట్టి క్లచ్ లెర్నింగ్. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కింద వాల్వులు టిస్సు టిస్సుమంటూ క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో, ఏ గేరు ఎక్కడుందో డబ్బా తనంతట తానే కొలుచుకుంది. వేరే బండి నుంచి తీసిన పాత డబ్బా చవకగా ఇస్తామని ఇద్దరు ముగ్గురు అన్నారు. మా మోడల్‌లో అది పాత చాసిస్ నంబరుకి కట్టేసి ఉంటుందని తెలిసి వదిలేశాను.

మొదటి మూడు రోజులు గేర్లు కుదుపుతో పడ్డాయి, బాబాయి భయపడ్డాడు. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు ఖాళీ బండి మీద గేరు మారినట్టే తెలియదు. ఒక్క విషయం నచ్చలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎత్తు మీద పై గేరుకి తొందరపడి వెళ్తుంది, వెళ్లి ఊపు చచ్చి మళ్లీ దిగుతుంది. పొట్టంగి మలుపుల్లో బాబాయి మాన్యువల్‌లో పెట్టుకునే నడుపుతాడు. చలికాలం తెల్లవారుజామున రివర్స్ పడటానికి రెండు మూడు సెకన్లు ఆలస్యం అవుతుంది. కోడ్ ఏమీ రాదు, దానితో ఇబ్బంది లేదు.

డబ్బా నిజంగా చచ్చిందని మీటరుతో తేలితే కొత్తదే వేయించండి. బోర్డు మీద తడి లేకుండా టంకం ఒక్కటే విడిపోయిన కేసైతే బాగు చేయించడం తప్పు కాదు, లక్షకి పైగా మిగులుతుంది. ఏది చేసినా కనెక్టరూ ఎర్తూ చూడకుండా బిగించనివ్వకండి. ఎర్త్, కనెక్టర్, వైరు ముక్క అన్నీ కలిపి మాకు అయింది 3,400. మొదటి రోజే ఆ పని జరిగి ఉంటే అసలు డబ్బాయే బతికేదేమో.

ఇప్పుడు ఆరు నెలలకోసారి ఆ కనెక్టర్ విప్పి, స్ప్రేతో కడిగి, సిలికాన్ గ్రీజు రాసి పెడుతున్నాం. సర్వీసింగ్‌కి వెళ్తే క్లీనర్ ముందుగా ఆ చోట పాలిథిన్ సంచి కట్టేస్తాడు. పోయిన నెల విప్పినప్పుడు పిన్నులు ఇత్తడి రంగులో మెరుస్తున్నాయి.