పాత కారు కొనేముందు పెట్రోలు ముల్లు కదులుతుందో లేదో చూసుకోండి

సెకండ్ హ్యాండ్ కారు కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. ఇంజను, క్లచ్, టైర్లు, ఏసీ అన్నీ చూసుకుని పెట్రోలు మీటరు దగ్గర మోసపోయాను. దాన్ని చూడలేదని కాదు, చూశాను. ముల్లు సగానికి కాస్త పైన ఉంది. ట్యాంకులో సగం పెట్రోలు ఊరికే వస్తోందని లోపల సంతోషపడ్డాను కూడా.

బండి 2009 మోడల్, చిన్న పెట్రోలు కారు. హైదరాబాద్‌లో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర 1,65,000 రూపాయలకి తీసుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఇందులో తప్పు బండిది కాదు. తీసుకున్న సాయంత్రమే బంకులో వెయ్యి రూపాయలకి పోయించాను, తొమ్మిది లీటర్ల చిల్లర. ముల్లు ఉన్నచోటు నుంచి కదల్లేదు. పాత మీటరు కదా, నెమ్మదిగా లేస్తుందిలే అనుకున్నాను. 35 లీటర్ల ట్యాంకు, అందులో సగం పదిహేడు, పోయించింది తొమ్మిది. ఈ లెక్కన మర్నాడు వెళ్లాల్సిన ఖమ్మం చేరి, వెనక్కి కూడా చాలా దూరం రావచ్చు.

మర్నాడు మధ్యాహ్నం దాటాక మా ఆవిడ, అమ్మతో బయల్దేరాను. సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఇంత దూరం వచ్చినా ఆ ముల్లు అక్కడే ఉందేంటి?" అని. "బండి మైలేజీ అలాంటిది" అన్నాను. ఆ మాట ఇప్పటికీ ఇంట్లో నడుస్తోంది.

ఖమ్మం రోడ్డెక్కి ఇరవై కిలోమీటర్లు పోయామో లేదో, బండి రెండుసార్లు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. అప్పటికి చీకటి పడింది. పెట్రోలు అయిపోయిందన్న ఊహే నాకు రాలేదు, ఎదురుగా మీటరు సగం చూపిస్తోంది కదా. అరగంట సేపు బానెట్ ఎత్తి ఫోన్ వెలుతురులో తెలిసిన వైరూ తెలియని వైరూ కదిపాను. బైకు మీద పోతున్న ఒకాయన ఆగి, వెనక్కి వచ్చి, ట్యాంకు మూత తీసి చెవి పెట్టి కారు ఊపాడు. "అన్నా, ఇందులో చుక్క లేదు" అన్నాడు. ఆయనే పోయి రెండు లీటర్లు తెచ్చిపెట్టాడు, పెట్రోలు డబ్బులు తప్ప పైసా తీసుకోలేదు. పోశాక కూడా వెంటనే స్టార్ట్ కాలేదు. తాళం ఆన్ చేసి రెండు మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయడం, ఇలా ఐదారుసార్లు చేస్తే పంపు పెట్రోలు లాక్కుంది.

నా మొదటి అనుమానం బంకు మీద. తర్వాత పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు అదే బంకుకి పోయి ఐదు లీటర్ల కొలత పెట్టమన్నాను. అడిగితే ఏ బంకులోనైనా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కొలపాత్రలో పోసి చూపించాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకు తేడా ఉండొచ్చు. గీత మీద సరిగ్గా నిలబడింది. ఆ కుర్రాడి ముందు తల దించుకుని వచ్చేశాను. ఇంకో మాట, 35 లీటర్ల ట్యాంకులో 37 లీటర్లు పట్టిందని బంకువాళ్లతో గొడవపడేవాళ్లు చాలామంది. కంపెనీ చెప్పే కొలత మీద కాస్త ఖాళీ ఉంటుంది, మెడ దాకా పోయిస్తే అంత పడుతుంది. అది మోసం కాదు.

ఇక రిపేర్ల కథ. ఖమ్మంలో మొదటి మెకానిక్ బండి చూడకుండానే "మీటరు పోయింది సార్" అని తేల్చేశాడు. స్క్రాప్ నుంచి వేరే మీటరు బోర్డు తెచ్చి బిగించి 2,800 తీసుకున్నాడు. స్టార్ట్ చేశాను. ముల్లు లేచి మళ్లీ సరిగ్గా ఆ సగం పైనే నిలబడింది! ఇది చాలదన్నట్టు కిలోమీటర్ల రీడింగు 84 వేల నుంచి 1,31,000కి మారింది. పాత బోర్డు ఏదయ్యా అంటే అప్పుడే ఎవరికో వేసేశాడట. విప్పిన సామాను మీ చేతికి రాకుండా డబ్బులివ్వకండి. రేపు ఈ బండి అమ్మబోతే, కొనేవాడు నన్నే దొంగను చూసినట్టు చూస్తాడు.

రెండో ఆయన "ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే సార్ ఇదంతా" అన్నాడు. ఈమధ్య కారులో ఏది చెడినా నింద దాని మీదికే పోతోంది. పంపు అసెంబ్లీ మొత్తం మార్చాలి, 7,500 అవుతుంది, కూలీ వేరే అన్నాడు. అప్పటికి కాస్త తెలివొచ్చి, ఆలోచించి చెప్తానని బయటపడ్డాను.

మూడోసారి ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. అరవై ఏళ్లుంటాయి. ఏదీ మార్చే మాట ఎత్తలేదు. బండిని షెడ్డులోంచి ఆరుబయటికి తీయించి, వెనక సీటు ఎత్తి, ట్యాంకు మీది వైర్ల కప్లర్ పీకి, నన్ను తాళం ఆన్ చేయమన్నాడు. ముల్లు సగం పైకే లేచింది. "ట్యాంకుతో సంబంధమే లేకుండా నీ మీటరు ఎట్లా చూపిస్తోంది బాబూ?" అన్నాడు. నాకు విషయం అర్థమైంది అప్పుడే.

ట్యాంకులో తేలే బెండు లాంటి ఫ్లోట్ ఒకటి ఉంటుంది. పెట్రోలు పెరిగేకొద్దీ తగ్గేకొద్దీ దాని కాడ ఒక పట్టీ మీద జరుగుతుంది, దాన్నిబట్టి రెసిస్టెన్స్, అంటే కరెంటుకి ఎదురయ్యే అడ్డు, మారుతుంది, మీటరు ముల్లు దాన్నే చూపిస్తుంది. కప్లర్ పీకితే చాలా బండ్లలో ముల్లు ఖాళీకి పడిపోతుంది, కొన్నిటిలో ఫుల్‌కి పోతుంది. ఎటైనా సరే, కదలాలి. కదల్లేదంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట.

ఆయన డ్రైవరు వైపు గడప కింద మ్యాటు లేపి వైరు వెంబడి పోతుంటే నల్ల టేపు చుట్టిన ముద్ద ఒకటి దొరికింది. విప్పితే లోపల బియ్యపుగింజంత రెసిస్టరు, అంటే ఎప్పుడూ ఒకే అడ్డు ఇచ్చే ముక్క! ట్యాంకు నుంచి వచ్చే వైరు కోసేసి, మీటరు వైరుకి దీన్ని తగిలించి రెండో కొస ఎర్త్‌కి ఇచ్చారు. ట్యాంకు నిండినా ఎండినా మీటరు సగమే చూపిస్తుంది. ఐదు రూపాయలు కూడా చేయని వస్తువు. అది మొదటి మెకానిక్ కంటపడలేదు, లేదా పడనివ్వలేదు.

ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి, చుట్టుపక్కల బీడీలు ఆర్పించి, ఫ్లోటూ పట్టీ ఉండే ట్యాంకు యూనిట్ బయటికి తీశాడు. పట్టీ మధ్యలో అరిగి గాడి పడింది, అందుకే అసలు మీటరు పిచ్చిపిచ్చిగా చూపించి ఉంటుంది. మా బండిలో ఆ ముక్క పంపు నుంచి విడిగా వస్తుంది. కొత్తది 1,150, ఆయన కూలీ 600. ఫ్లోట్ కాడ వంచి "అడ్జస్ట్" చేస్తామనేవాళ్లు ఉంటారు, వద్దనండి. ఖాళీ దగ్గర సరిచేస్తే ఫుల్ దగ్గర తప్పుతుంది.

ఇప్పుడు ముల్లు కదులుతోంది. దాదాపు ఖాళీ చేసి, ఐదేసి లీటర్లు పోయిస్తూ ముల్లు ఎక్కడుందో చీటీ మీద రాసి డ్యాష్‌బోర్డు లోపల అంటించాను. ట్యాంకు ఆకారం సమంగా ఉండదు కాబట్టి పై సగం నెమ్మదిగా, కింది సగం గబగబా దిగుతుంది. పాత బండ్లలో ఇది మామూలే.

కొనేముందు మీరు చేయాల్సింది ఒక్కటే. టెస్ట్ డ్రైవ్‌లో మీ డబ్బుతోనే ఐదు లీటర్లు పోయించి, తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, చదునైన నేల మీద రెండు నిమిషాలు ఆగి చూడండి. ముల్లు కదలకపోతే బేరం అక్కడే ఆపండి. బంకు దాకా ఎందుకు సార్ అని అమ్మేవాడు అడ్డుపడితే ఇంకా మంచిది, ఐదు లీటర్ల డబ్బు కూడా మిగులుతుంది.

అమ్మినాయనకి ఫోన్ చేశాను. రసీదు వెనక "బండి ఉన్నది ఉన్నట్టు తీసుకున్నాను" అని నేను సంతకం పెట్టిన లైను చదివి వినిపించాడు. వైరు కోసి రెసిస్టరు పెట్టడం కూడా ఉన్నది ఉన్నట్టులోకే వస్తుందా అని అడిగితే ఫోన్ పెట్టేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు ఉండదు, రెసిస్టరు ఫోటోలతో అక్కడా వేయబోతున్నాను.

పంపు మాత్రం ఆ రాత్రి నుంచి సన్నగా కూస్తోంది. దాన్ని చల్లగా ఉంచేది పెట్రోలే, ఎండిపోయిన ట్యాంకులో తిరిగింది కదా. ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేనన్నాడు పెద్దాయన.