బెర్లిన్‌లో మొదటి రోజు: టికెట్ లేనివే బాగున్నాయి

బెర్లిన్‌లో చూడాల్సినవాటికి చాలావరకు టికెట్ లేదు. స్టూడెంట్ బ్యాచ్‌గా మొదటి రోజంతా తిరిగాక మా అందరికీ తేలింది ఇదే. కాకపోతే ఊరికే వస్తుంది కదా అని చివరి నిమిషంలో వెళ్తే కొన్నిచోట్ల లోపలికి రానివ్వరు.

హాస్టల్ ఊరి నడిబొడ్డునున్న అలెగ్జాండర్‌ప్లాట్జ్ కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరం, రేటు కూడా తక్కువే. గది మధ్యాహ్నం దాకా ఇవ్వలేదు కానీ లగేజ్ పెట్టుకోనిచ్చారు. పక్కలు శుభ్రం. టవల్‌కి మాత్రం వేరే డబ్బులు. సిటీ ట్యాక్స్ విడిగా కట్టాలన్న ముక్క బుకింగ్‌లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, కౌంటర్ దగ్గర కాసేపు వాదన జరిగింది. పడుకోవడానికి చాలు, అంతకుమించి ఆశించకండి.

ఊరు చూపించే టూరిస్టు బస్సుల జోలికి పోకుండా 100 నంబర్ సిటీ బస్సు ఎక్కాం. జూ స్టేషన్ దగ్గర బయల్దేరి విజయ స్తంభం, పార్లమెంటు, మ్యూజియం ఐలాండ్ మీదుగా అలెగ్జాండర్‌ప్లాట్జ్ చేరుతుంది. డబుల్ డెక్కర్, పై అంతస్తులో ముందు సీట్లు దొరికితే అదృష్టమే. ఐదుగురి దాకా కలిపి తీసుకునే 24 గంటల టికెట్ గుంపులకి గిట్టుబాటు. ఇక్కడి రైలు స్టేషన్లలో గేట్లు ఉండవు. అలాగని కాగితం టికెట్ కొని జేబులో వేసుకుంటే సరిపోదు, ప్లాట్‌ఫాం మీది చిన్న పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవాలి. మామూలు బట్టల్లో చెకింగ్ వాళ్లు తిరుగుతుంటారు. దొరికితే 60 యూరోలు.

రోజు మొత్తంలో నాకు బాగా నచ్చింది రైష్‌టాగ్, అంటే జర్మనీ పార్లమెంటు. 1933లో తగలబడిన భవనం. నార్మన్ ఫోస్టర్ డిజైన్ చేసిన గాజు గుమ్మటంతో 1999లో మళ్లీ పార్లమెంటయింది. పేర్లు, పుట్టిన తేదీలు ఇచ్చి ముందే ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఫోన్లో పాస్‌పోర్టు ఫొటో చూపించబోయిన మావాడిని గేటు దగ్గరే ఆపేశారు, ఒరిజినల్ తేవాల్సిందే. గుమ్మటం లోపల గోడ వెంబడి చుట్టుకుంటూ పైకి వెళ్లే దారి ఉంటుంది. మధ్యలో అద్దాలు పొదిగిన పెద్ద గరాటు కిందున్న సభలోకి పగటి వెలుతురు పంపిస్తుంది. ఉచితంగా ఇచ్చే ఆడియో గైడ్ మనం నడుస్తుంటే ఎదురుగా కనిపించే భవనం గురించి తనంతట తనే చెబుతుంది. ఇంత చూశాక పైనుంచి ఊరు చూడటానికని టీవీ టవర్‌కి డబ్బులు పెట్టాలనిపించలేదు.

బ్రాండెన్‌బర్గ్ గేట్ దగ్గర ఫొటోలు, అంతే. అక్కడికి దగ్గర్లోనే హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) స్మారకం ఉంది: 2,711 కాంక్రీటు దిమ్మెలు. అంచున మోకాలి ఎత్తులో ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ నేల కిందికి దిగి, దిమ్మెలు తలని దాటేస్తాయి. పక్క సందులో నడుస్తున్న ఫ్రెండ్ కనిపించడు, ఒక్క అడుగులో ఎదురై మళ్లీ మాయమవుతాడు. ఆ దిమ్మెలెక్కి రీల్స్ తీసేవాళ్లని చూస్తే ఒళ్లు మండింది.

ఒకప్పుడు తూర్పు, పడమటి బెర్లిన్‌ల మధ్య సరిహద్దు తనిఖీ చోటైన చెక్‌పాయింట్ చార్లీ మానేసినా నష్టం లేదు. తర్వాత కట్టిన నమూనా గుడిసె, చుట్టూ సావనీర్ షాపులు. ఊరిని రెండుగా చీల్చిన బెర్లిన్ గోడ సంగతి తెలియాలంటే బెర్నావర్ వీధికే వెళ్లాలి. గోడ కట్టిన 1961లో ఆ వీధిలో ఇళ్లు తూర్పు బెర్లిన్‌లో, వాటి ముందు ఫుట్‌పాత్ పడమటి బెర్లిన్‌లో ఉండేవి. కిటికీల్లోంచి దూకి పారిపోయినవాళ్లున్నారు, దూకి చనిపోయినవాళ్లూ ఉన్నారు. గోడ, దాని వెనక ఖాళీ జాగా, కాపలా బురుజు అన్నీ ఎదురుగా ఉన్న టవర్ పైనుంచి కలిపి కనిపిస్తాయి. ఇదీ ఉచితమే, అయితే సోమవారం లోపలి ప్రదర్శన మూసేస్తారు.

తిండికి శాకాహారులు శనగలతో చేసే వడల్లాంటి ఫలాఫెల్ నమ్ముకోవచ్చు, మిగతావాళ్లకి రొట్టెలో మాంసం పెట్టిచ్చే డోనర్ ఉంది. ప్లాస్టిక్ నీళ్ల సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ వేస్తారు, కాబట్టి ఖాళీవి పారేయకండి. రాత్రి మావాళ్లు సంచి నిండా తీసుకెళ్లి సూపర్‌మార్కెట్ మెషిన్లో వేస్తే, వచ్చిన రసీదుతో మర్నాటి బ్రెడ్డూ పాలూ వచ్చేశాయి.