హైదరాబాద్ జూకి వెళ్తుంటే పొద్దున్నే వెళ్లండి

డిసెంబర్‌లో బహదూర్‌పురాలోని నెహ్రూ జూ పార్కుకి మళ్లీ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో మా అమ్మ. రెండేళ్ల కిందట మే నెలలో మిట్టమధ్యాహ్నం వెళ్తే పులి చెట్టు నీడన పడుకుని తోక కూడా కదపలేదు, పాప ఒకటే ఏడుపు. ఈసారి గేటు తీసే టైముకే అక్కడున్నాం, అదే పులి కంచె వెంబడి అటూ ఇటూ తిరుగుతుంటే పాప అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. సోమవారం సెలవు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. పండగ సెలవుల్లో, ఆదివారాల్లో జనం బాగా ఉంటారు కాబట్టి వీలైతే మామూలు రోజు చూసుకోండి.

1963లో తెరిచిన ఈ జూ 380 ఎకరాలు, మీర్ ఆలం చెరువు పక్కనే. ఒక్క పూటలో మొత్తం చూసేద్దామని మాత్రం అనుకోకండి, పిల్లలూ పెద్దలూ అలిసిపోయి చివరికి ఏదీ సరిగ్గా చూడరు. అమ్మని బ్యాటరీ బండి ఎక్కించాం, ఆమె కూడా హాయిగా తిరిగింది. టికెట్ వేరేగా తీసుకోవాలి, దానికి పెట్టిన డబ్బులు దండగ కాదు. లయన్ సఫారీకి కూడా వేరే టికెట్టే, వెళ్లాలనుకుంటే ముందే ఆ పని చూసుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా బాగుండేది నాక్టర్నల్ హౌస్. రాత్రిపూట తిరిగే జంతువుల కోసం లోపల పగటిని రాత్రిగా మార్చేశారు: పగలు మసక వెలుతురు, రాత్రి లైట్లు. చాలామంది లోపలికి వచ్చి, ఏం కనబడటం లేదని నిమిషంలో బయటికి వెళ్లిపోతున్నారు. అలా చేయకండి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగండి. పాప నా చూపుడువేలు గట్టిగా పట్టుకుని నిలబడింది. కాసేపటికి పైన నల్లటి సంచుల్లా వేలాడుతున్నవి గబ్బిలాలని తెలిసింది, ఒకటి రెక్క విప్పి మళ్లీ ఒళ్లంతా కప్పుకుంటే "నాన్నా, దుప్పటి కప్పుకుంది" అని గుసగుసలాడింది. ఫోన్ లైటు వేయకండి, ప్లీజ్. వాటికి అది రాత్రి. అద్దాలు కొట్టడం, కేకలేయడం కూడా వద్దు, పక్కనున్న పిల్లలు మనల్ని చూసే నేర్చుకుంటారు.

ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు వద్దు. స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాలో నీళ్లు పెట్టుకుంటే సరిపోయింది మాకు. ఒంటిగంటకల్లా బయటపడ్డాం. ఏనుగుల వైపు వెళ్లనేలేదు, ఫిబ్రవరిలో మా అన్నయ్యా వాళ్లు వచ్చినప్పుడు అటు నుంచే మొదలుపెడతాం.