చేపల తొట్టికి ఆర్వో: ఫ్లష్ వాల్వ్ లేకుండా తీసుకోకండి

మాది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. ఎండాకాలంలో బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల లెక్క, 900 దాటుతుంది. వాటర్‌బోర్డు నీళ్లు వచ్చినా సంపులో బోరుతో కలిసిపోతాయి కాబట్టి, ఏ రోజు కుళాయిలో ఏం వస్తుందో మీటర్ ముంచితే గానీ తెలియదు. గప్పీలు, మోలీలు ఈ నీళ్లలోనే హాయిగా పిల్లలు పెడతాయి. వాటికోసమైతే ఆర్వో దండగ. నాకు లవణాలు తక్కువున్న నీళ్లు కోరే డిస్కస్, కార్డినల్ టెట్రా చేపల పిచ్చి ఉంది కాబట్టి కొనక తప్పలేదు.

కొన్నేళ్లుగా వాడుతున్నది డబ్బా లేని మిషన్. యుటిలిటీ గోడకు మట్టిని ఆపే స్పన్ ఫిల్టర్, క్లోరిన్‌ను ఆపే కార్బన్ ఫిల్టర్, 24 వోల్టుల బూస్టర్ పంపు, ఉప్పును ఆపే 75 జీపీడీ (రోజుకు 75 గ్యాలన్ల) మెంబ్రేన్, అంతే. వంటింటి మిషన్లలో ఉండే టీడీఎస్ కంట్రోలర్, మినరల్ కార్ట్రిడ్జ్ వద్దన్నాను. ఒకటి పచ్చి నీళ్లు కలుపుతుంది, ఇంకొకటి తీసేసిన లవణాలను మళ్లీ చేరుస్తుంది. తాగేవాళ్లకు మంచిదే, డిస్కస్‌కు కాదు. "చేపలకు ఆర్వో నీళ్లా మేడమ్!" అని బిగించడానికి వచ్చినబ్బాయి నవ్వాడు. 75 గ్యాలన్లంటే రోజంతా నడిస్తే 284 లీటర్లు, అదీ 25 డిగ్రీల నీటికి, సరైన ప్రెషర్ ఉంటే. మా ఇంట్లో గంటకు పది లీటర్లు వస్తే గొప్ప. డిసెంబరులో అదీ రాదు.

మిషన్ గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు, ఏ కంపెనీదైనా లోపల సరుకు ఇంచుమించు ఒకటే. ఇన్నేళ్ల వాడకంలో తేడా కనిపించింది మాత్రం రెండు వందల రూపాయల లోపు దొరికిన ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కతో. అదే ఫ్లష్ వాల్వ్ ఉన్న ఎఫ్ఆర్, అంటే ఫ్లో రిస్ట్రిక్టర్.

మిషన్ నడిచేటప్పుడు ఎఫ్ఆర్, ఉప్పు నీళ్లు బయటికి పోయే వేస్ట్ పైపులో దారిని సన్నగా చేసి నీళ్లను ఆపుతుంది. ఆ ప్రెషర్‌కే మంచినీళ్లు మెంబ్రేన్ దాటి వస్తాయి. వాల్వ్ తిప్పితే ఎఫ్ఆర్‌ను తప్పించుకుపోయే దారి తెరుచుకుంటుంది. మంచినీళ్ల పైపులో ధార దాదాపు ఆగిపోతుంది, వేస్ట్ పైపు ఒక్కసారి ఎగిరి బుస్సుమంటుంది. నీళ్లన్నీ మెంబ్రేన్‌ను ఒరుసుకుంటూ, అక్కడ పేరుకున్న ఉప్పుని లాక్కుపోతాయి.

ఎంతసేపు తిప్పి ఉంచాలి అనేదానికి ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. నేను గడియారం చూడను, మీటర్ చూస్తాను. కుళాయిలో 900 ఉంటే మామూలుగా వేస్ట్ పైపులో 1200 దాకా చూపిస్తుంది. ఫ్లష్ తిప్పాక అది దిగుతూ దిగుతూ కుళాయి అంకె దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. లోపలి చిక్కటి ఉప్పు నీళ్లు పోయినట్టే, ఇక తిప్పి ఉంచితే నీళ్లు వృథా. మా దగ్గర రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ఆపే ముందు ఫ్లష్ చేయడం ముఖ్యం. చాలామంది ఆన్ చేశాక చేసి ఊరుకుంటారు. తాగే నీళ్ల మిషన్ రోజూ నడుస్తుంది, తొట్టి కోసం పెట్టుకున్నది వారానికి ఒక్కసారి నడుస్తుంది. ఆ మధ్య రోజులన్నీ మెంబ్రేన్ ఏ నీళ్లలో నానుతుందన్నదే దాని ఆయుష్షు. చిక్కటి నీళ్లలో వదిలేస్తే కాల్షియం పొర కడుతుంది. సాంబారు గిన్నెను వెంటనే కడగడానికీ, మర్నాడు గీకడానికీ ఉన్నంత తేడా.

అయితే ఫ్లష్ చేసేశాం కదా అని, మళ్లీ ఆన్ చేయగానే మంచినీళ్ల పైపు నేరుగా తొట్టి నీళ్లు పట్టే డ్రమ్ములో పెట్టేయకండి. మిషన్ ఆగి ఉన్నన్ని రోజులూ ఉప్పు మెల్లగా మెంబ్రేన్ దాటి మంచినీళ్ల వైపు చేరుతూనే ఉంటుంది. టీడీఎస్ క్రీప్ అంటారు. ఫ్లష్ కడిగేది ఉప్పు వైపు మాత్రమే, అటువైపు చేరిపోయిన నీళ్లను అది ముట్టుకోదు. మా మిషన్ వారం తర్వాత ఆన్ చేస్తే మొదటి గ్లాసు 150 పైన ఉంటుంది, పది నిమిషాలకు 45 దగ్గరకు దిగుతుంది. ఆ మొదటి నీళ్లు తాగడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి, వంటింటి బిందెలోకి పోతాయి. ఆ తర్వాతే పైపు డ్రమ్ములోకి.

సర్వీసుకు వచ్చినతను ఆటో ఫ్లష్ పెట్టించుకోమని ఒకటే పోరు. పంపు ఆన్ అయినప్పుడల్లా కొన్ని సెకన్లు దానంతట అదే ఫ్లష్ అవుతుందట. పెట్టించాను, తీయించాను. అంత తక్కువసేపట్లో వేస్ట్ పైపులో అంకె సగం కూడా దిగదు. పైగా ఆపేటప్పుడు కదా మనకు కావలసింది! ఫ్లోట్ స్విచ్‌తో నీళ్లు తగ్గినప్పుడల్లా కాసేపు నడిచే ఏర్పాటు కూడా ఇలాంటిదే. ఆన్ అయిన ప్రతిసారీ క్రీప్ నీళ్లు తిన్నగా డ్రమ్ములోకే. పెద్ద డ్రమ్ము పెట్టుకుని వారానికి సరిపడా ఒకే విడతలో పట్టుకోవడం మేలు.

ఫ్లష్ వల్ల కానివి కూడా ఉన్నాయి. గట్టిపడిన సున్నం పొర దానితో పోదు. కార్బన్ అరిగిపోయి క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ కాలిపోయినట్టే, ఎన్ని లీటర్లు పారబోసినా తిరిగి రాదు. నేనైతే కార్బన్ మార్చడంలో బేరం చూడను. వేస్ట్ నీళ్ల సంగతి మీకూ తెలిసిందే, ఒక లీటరుకు మూడు లీటర్లు పోతాయి, ఫ్లష్‌తో ఇంకాస్త. మాకు గచ్చు తుడవడానికి, బాత్రూమ్ బకెట్లకు సరిపోతాయి. కుండీల్లో మాత్రం పోయను, మట్టి పైన తెల్లగా ఉప్పు తేలుతుంది.

వచ్చిన ఆర్వో నీళ్లను తొట్టిలో నేరుగా పోయకూడదని వేరే చెప్పాలా? పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ల లెక్క (కేహెచ్) దాదాపు సున్నా కాబట్టి పీహెచ్ నిలకడగా ఉండదు. వడకట్టిన కుళాయి నీళ్లు ఏడో వంతు కలిపితే టీడీఎస్ 160 అటూఇటూ వస్తుంది, మా డిస్కస్‌లు అందులో కళగానే ఉన్నాయి.

కొత్త మెంబ్రేన్ వేసిన రోజు సంగతి వేరు. అది పాడవకుండా కంపెనీవాళ్లు పట్టించిన మందు ఉంటుంది కాబట్టి, ముందు బాగా ఫ్లష్ చేసి, ఆ తర్వాత వచ్చిన మంచినీళ్లు కూడా కనీసం గంటసేపు పారబోయండి. బిందెలోకి కూడా వద్దు.